జాగ్రత్త: ‘సిసలైన ఇత్తడి’ ట్రెమొలో బ్లాక్ కొన్నవారు బిగించే ముందు తూచి చూసుకోండి

ఎలక్ట్రిక్ గిటారు లాకింగ్ ట్రెమొలో బ్రిడ్జికి, అంటే తీగల కొసలను బిగించి పట్టి, కడ్డీ నొక్కితే వాటి శ్రుతిని వంచే ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన రూపొందించిన తరహా బ్రిడ్జికి, కొత్త సామాను వేయాలనుకుంటున్నవారికి ముందుగా ఒక మాట. బ్లాక్ అంటే ఆ బ్రిడ్జి కింద వేలాడే, స్ప్రింగులు తగిలించే లోహపు ముక్క. ‘సిసలైన ఇత్తడి బ్లాక్, టైటానియం స్క్రూలు, ఫ్లాయిడ్ రోజ్ తరహా బ్రిడ్జిలన్నిటికీ సరిపోతుంది’ అని రాసి అమ్ముతున్న సెట్టు మీ చేతికి వస్తే వెంటనే గిటారుకు తగిలించకండి. ముందు తూకం వేయండి, అయస్కాంతం పెట్టి చూడండి. నేను ఆ రెండు పనులూ బిగించిన తర్వాత చేశాను. ఒక సాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే భాగం) పాడైంది, మూడు వారాలు గిటారు పెట్టెలోంచి బయటికి రాలేదు, సొమ్ము ఇప్పటికీ తిరిగి రాలేదు. అమ్మినవారి జవాబు ఒక్కటే: ‘బిగించిన సరుకు వాపసు తీసుకోము.’

నా గిటారుకు ఉన్నది లైసెన్సు కింద తయారైన మామూలు బ్రిడ్జి. దాని బ్లాక్ జింకు మిశ్రమంతో పోత పోసినది. నిజానికి దానితో నాకు ఏ పేచీ లేదు. కానీ బరువైన ఇత్తడి బ్లాక్ వేస్తే స్వరం ఎక్కువసేపు నిలుస్తుందని, లావు తీగలు నిండుగా పలుకుతాయని పదేపదే చదివి మనసు పారేసుకున్నాను. తేడా ఉండదని అనను. ఉంటుంది, చెప్పుకున్నంత ఉండదు. పైగా బ్లాక్ మార్చిన రోజే కొత్త తీగలు కూడా వేస్తాం, ఇక ఏది దేని మహిమో ఎవరు తేల్చగలరు?

పొట్లం విప్పగానే కళ్లు జిగేలుమన్నాయి. అద్దంలా మెరిసే పసుపు బ్లాక్, తీగలను బిగించే నీలి ఊదా రంగు స్క్రూలు ఆరు, చిన్న సంచిలో తీగను నొక్కిపట్టే ఆరు దిమ్మలు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

అసలు ‘అన్నిటికీ సరిపోతుంది’ అన్న మాట దగ్గరే నేను ఆగవలసింది. ఫ్లాయిడ్ రోజ్ రూపకల్పనకు 1979లో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత లైసెన్సు తీసుకుని ఎన్నో సంస్థలు తమ తమ కొలతలతో ఇలాంటి బ్రిడ్జిలు చేశాయి. చూపుకు అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. తీరా కొలిస్తే పీఠానికి (బ్రిడ్జి అడుగు పలకకు) బ్లాకును పట్టే స్క్రూల రంధ్రాలు ఒకదానిలో ఉన్న చోట మరొకదానిలో ఉండవు. బ్లాక్ ఎత్తులోనూ 32, 37, 42 మిల్లీమీటర్లని రకాలు ఉన్నాయి. గిటారు మందాన్ని బట్టి, వెనక తవ్విన గది లోతును బట్టి ఎంచుకోవాలి. పొడవు ఎక్కువైతే బ్లాక్ అడుగు వెనక మూతకు రాసుకుంటుంది. ఇక అందరూ మరిచిపోయేది ట్రెమొలో కడ్డీ కింద ఉండే నట్టు. పీఠం అడుగున అది కూర్చోవడానికి బ్లాకులో ఖాళీ ఉండాలి. నాకు వచ్చిన దానిలో ఆ ఖాళీ ఉంది కానీ అర మిల్లీమీటరు పక్కకు ఉంది. సాన పెట్టి సరిచేసుకున్నాను. అలా సాన పెట్టినందుకే ‘మీరు మార్పులు చేశారు’ అని తర్వాత నా మీదే తిప్పికొట్టారు.

బ్లాక్ స్క్రూలు మొదటి రెండు చుట్లు వేలితోనే తిరిగాయి. మూడో చుట్టుకు బిగుసుకున్నాయి. మర సరిగ్గా కుదిరినప్పుడు వేలికి తెలుస్తుంది. వెన్నలో కత్తిలా కాకపోయినా ఒకే తీరుగా దిగుతూ ఉంటుంది. ఇది గరగరమంది. కొత్తది కదా, బిగుతుగా ఉందనుకుని అలెన్ కీతో తిప్పాను. వెనక్కి తీసి చూస్తే స్క్రూ చుట్ల మధ్య బూడిద రంగు పొట్టు. పసుపు పొట్టు కాదు, బూడిద. ఇత్తడిని గీరితే బూడిద రంగు ఎలా వస్తుందని అక్కడే అనుమానించి ఉంటే ఈ పోస్టు రాసే అవసరం ఉండేది కాదు. ఏదో పాత మడ్డి అనుకుని తుడిచేశాను.

తీగలు ఎక్కించాను. సన్న తీగ వంతు వచ్చింది. ఈ బ్రిడ్జిలలో తీగ చివరి గుండును కత్తిరించేసి, కొసను సాడిల్ లోపలి చిన్న దిమ్మకూ సాడిల్ గోడకూ మధ్య పెట్టి, వెనకనుంచి పొడవాటి స్క్రూతో నొక్కుతాం. మూడు మిల్లీమీటర్ల అలెన్ కీ. ఎంత బిగించాలన్నది చేతికి అలవాటైన పని, పాత స్క్రూలతో ఎన్నోసార్లు చేశాను. ఈసారి కూడా అంతే బలం పెట్టాను. మొదట కీ కొద్దిగా జారింది. తీసి చూస్తే ఆరు కోణాల గుంత అంచులు అప్పుడే గుండ్రబడుతున్నాయి. మళ్లీ గట్టిగా నొక్కిపెట్టి తిప్పాను. టక్కుమని చిన్న చప్పుడు. తల నా కీతోపాటు బయటికి వచ్చింది, మిగతా ముక్క సాడిల్ మరలోనే ఉండిపోయింది. విరిగిన చోట ఊదా రంగు లేదు. మామూలు ఇనుములా నల్లగా, గరుకుగా ఉంది.

అప్పుడు వెళ్లి అయస్కాంతం తెచ్చాను. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు. మిగిలిన ఐదు స్క్రూలూ ఎగిరి వచ్చి అంటుకున్నాయి. ఉక్కు అయితే మాత్రం తప్పేమిటని అడగవచ్చు. తప్పేమీ లేదు. బ్రిడ్జితో వచ్చిన నల్ల స్క్రూలు కూడా ఉక్కువే, కాకపోతే అవి గట్టిపరచిన ఉక్కు. నిజమైన టైటానియం కూడా అలాంటి ఉక్కును మించిన బలమైనదేమీ కాదు. తేలికగా ఉంటుంది, చెమటకు తుప్పు పట్టదు, దాని గొప్ప అంతే. నాకు వచ్చినవి ఈ రెండూ కావు, రంగు పూసిన మెత్తని ఉక్కు. పనిచేస్తున్న స్క్రూలు తీసి వీటిని పెట్టడం నా తెలివితక్కువతనం.

బ్లాక్ సంగతి తేల్చడానికి అయస్కాంతం పనికిరాదు. ఇత్తడీ అంటుకోదు, జింకూ అంటుకోదు. దానికి వంటింటి కాటా చాలు. బ్లాకును ఉత్తగా తూచాను, 218 గ్రాములు. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నా చేసి, బ్లాకును దారంతో కట్టి గిన్నె అడుగుకు తగలకుండా పూర్తిగా నీళ్లలో ముంచి పట్టుకున్నాను. అప్పుడు కాటా చూపించే గ్రాములే ఆ వస్తువు పరిమాణం ఘన సెంటీమీటర్లలో. 33 చూపింది. 218ని 33తో భాగిస్తే 6.6. ఇత్తడికి సుమారు 8.5 రావాలి, ఉక్కుకు 7.8. 6.6 అంటే అచ్చంగా జింకు మిశ్రమం. అంటే నా పాత బ్లాక్ ఏ లోహమో ఇదీ అదే. నేను డబ్బిచ్చి కొనుక్కున్నది పసుపు పూత ఒక్కటే. స్ప్రింగు తగిలించే రంధ్రం లోపల సన్నని ఆకురాయితో రెండుసార్లు గీకితే ఆ పూత కూడా పోయి బూడిద రంగు బయటపడింది.

ఫొటోలు, తూకం లెక్కలు అన్నీ పంపాను. మొదట సమాధానం లేదు. తర్వాత ‘ఎక్కువ బలం పెట్టి బిగించారు’ అన్నారు. బ్లాక్ గురించి అడిగిన ప్రశ్నకు ఇంతవరకూ బదులే లేదు. చివరికి, రాసిన అభిప్రాయం తీసేస్తే సగం సొమ్ము ఇస్తామన్నారు. తీయలేదు.

కాబట్టి ఇలాంటిది కొనేవారు ఆర్డరు పెట్టే ముందే మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: బ్లాక్ ఎన్ని గ్రాములు, ఎత్తు ఎంత, ఏ బ్రిడ్జి కోసం చేశారు. ఇత్తడి బ్లాక్ నిజంగా చేసేవాళ్లు ఏ బ్రిడ్జికి పడుతుందో, ఏ బ్రిడ్జికి పడదో చెప్పగలరు. అసలు ఫ్లాయిడ్ రోజ్ కోసం చేసిన బ్లాక్ లైసెన్సు రకానికి పట్టకపోవడం మామూలే. ‘అన్నిటికీ’ అనేవారికి కొలతలే తెలియవు, లేదా చెప్పరు. పొట్లం విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, కాటా మీద పెట్టిన అంకె కూడా అందులో కనపడాలి. స్క్రూలన్నీ ముందుగా చేతి వేళ్లతో తిప్పి చూడండి. వేలికి ఎదురు తిరిగితే అక్కడే ఆపేయండి, సాన పెట్టే పని కూడా చేయకండి. సాడిల్స్ మార్చేవారికి అయస్కాంతం ఇంకా బాగా పనికొస్తుంది: ‘ఉక్కు సాడిల్’ అని అమ్మినది అంటుకోకపోతే అది చాలావరకు జింకే.

ఇంకొకటి, పాత భాగాలను పారేయకండి. నేను పారేయకుండా డబ్బాలో వేసి ఉంచడమే నన్ను కాపాడింది. పాత బ్లాక్, మిగిలిన ఐదు నల్ల స్క్రూలు మళ్లీ వేశాను. ఆరో నల్ల స్క్రూ పట్టవలసిన సాడిల్ మరలోనే విరిగిన ముక్క ఉండిపోయింది. ఎదురు దిశలో తిరిగే సన్నని డ్రిల్ బిట్టుతో ఒక మెకానిక్ దాన్ని బయటికి లాగాడు కానీ మర చుట్లు దెబ్బతిన్నాయి. ఆ ఒక్క సాడిల్ విడిగా దొరికే దాకా మూడు వారాలు పట్టింది. ఈ హడావిడిలో తీగల బిగువు తగ్గించకుండా, బ్రిడ్జి ఆని ఊగే రెండు స్తంభాల ఎత్తు సరిచేయబోయి, వాటికి ఆనే పీఠం కత్తి అంచు మీద చిన్న నొక్కు కూడా తెచ్చుకున్నాను. అది అమ్మినవారి తప్పు కాదు, పూర్తిగా నాదే. కడ్డీ నొక్కి వదిలాక శ్రుతి ఇప్పుడు కొద్దిగా, చాలా కొద్దిగా, అటూ ఇటూ అవుతోంది.

నిన్న చూస్తే అదే సెట్టు, అదే ఫొటో, వేరే దుకాణం పేరుతో మళ్లీ అమ్మకానికి కనిపించింది. ఈసారి ‘ఇత్తడి’ పక్కన చిన్న అక్షరాల్లో ‘రంగు’ అని చేర్చారు.