కాబివెన్ పెరిఫెరల్: బ్యాగులో ఏముంది, ఏం లేదు

పేగు పనిచేయని రోగికి నరం ద్వారా పోషణ ఎక్కించడం నేర్చుకునే నర్సింగ్ విద్యార్థికి ఫ్రెసీనియస్ కాబి వారి ఈ మూడు గదుల బ్యాగు మంచి పాఠం. 1440 ఎం.ఎల్. సైజులో 11 శాతం గ్లూకోజ్ 885, అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌లోని మూల పదార్థాల) ద్రావణం 300, 20 శాతం కొవ్వు 255 ఎం.ఎల్. ఉంటాయి. అంతా కలిపి సుమారు 1000 కిలో క్యాలరీలు, 34 గ్రాముల అమైనో ఆమ్లాలు. 60 కిలోల మనిషికి రోజుకు 1500 కిలో క్యాలరీలు, 72 గ్రాముల ప్రొటీన్ లెక్కన చూస్తే ప్రొటీన్ సగం కూడా అందదు. కొద్దిరోజులు నెట్టుకురావడానికే ఇది.

కలపడం మాత్రం చాలా తేలిక. పైకవరు చించి, ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లం పారేసి, బ్యాగును బల్లమీద పరిచి, తగిలించే వైపు నుంచి గట్టిగా చుడితే గదుల మధ్య సీళ్లు ఊడతాయి. మూడుసార్లు తలకిందులు చేయాలి. సీలు సగమే ఊడితే మూడూ సరైన పాళ్లలో అందవు.

అసలు లోటు వేరే ఉంది: విటమిన్లు, సూక్ష్మ ఖనిజాలు ఇందులో లేవు. 1997లో అమెరికాలో ఇంజెక్షన్ మల్టీవిటమిన్లకు కొరత వచ్చినప్పుడు, అవి లేకుండా ఈ తరహా పోషణ అందుకున్న రోగులకు థయమిన్ (విటమిన్ బి1) లోపంతో లాక్టిక్ అసిడోసిస్ (రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం) వచ్చింది. అందుకే డాక్టరు రాసినవి అడిటివ్ పోర్టు (బ్యాగుకు అదనపువి కలిపే ద్వారం) ద్వారా, స్టెరైల్‌గా కలపాలి. ఒక్కొక్కటి వేశాక మళ్లీ కలియతిప్పాలి. కాల్షియం, ఫాస్ఫేట్ ఇష్టమొచ్చినట్టు పెంచితే గడ్డకట్టే రేణువులు పాలలాంటి తెలుపులో కంటికి కనబడవు. 1.2 మైక్రాన్ ఫిల్టర్ పెట్టేది అందుకే. పసుపు నూనె చారలు తేలితే మాత్రం బ్యాగు పారేయాల్సిందే.

పేరులో పెరిఫెరల్ (చేతి వంటి చోట్ల ఉండే చిన్న నరాలకు అని) ఉంది కదా అని చేతి నరం గురించి నిశ్చింతగా ఉండొద్దు. రక్తం ఆస్మోలారిటీ (కరిగిన పదార్థాల గాఢత) లీటరుకు 290 మిల్లీ ఆస్మోల్ దగ్గర, దీనిది 750; ఇంత గాఢత నరాన్ని రేపుతుంది. ఎర్రబడటం, నొప్పి, వాపు ప్రతి డ్యూటీలోనూ చూడాలి. సెంట్రల్ లైన్‌కు (గుండె దగ్గరి పెద్ద నరంలో పెట్టే గొట్టానికి) వాడే కాబివెన్ చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది, దాని ఆస్మోలారిటీ మాత్రం 1060. కంపెనీ వారు కవరు రంగైనా బాగా తేడాగా పెడితే బాగుండేది!

గుడ్డు, సోయా, వేరుశనగ అలర్జీ ముందే అడగాలి. 20 గంటల్లో ఎక్కించాలంటే పంపు గంటకు 72 ఎం.ఎల్. జీఆర్‌బీఎస్ (వేలి చుక్క రక్తంలో చక్కెర పరీక్ష) మొదట్లో 6 గంటలకోసారి. బాగా చిక్కిపోయిన రోగికైతే తక్కువ వేగంతో మొదలుపెట్టి పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ రోజూ చూడాలి. అదే లైనులో వేరే మందు ఇవ్వకూడదు. 24 గంటల తర్వాత బ్యాగులో ఎంత మిగిలినా, సెట్‌తో సహా తీసేయాలి.