కారు తక్కువ తిప్పడమా, అమ్మేసి క్యాబుల్లో తిరగడమా: ఏది మేలు?

పెట్రోలు భారమైందనగానే చాలామంది చేసే మొదటి పని కారు బయటికి తీయడం తగ్గించడం. మంచిదే, కానీ దాంతో మిగిలేది పెట్రోలు, కాస్త టైర్ల అరుగుదల, అంతే. ఇన్సూరెన్సు తిప్పినా తిప్పకపోయినా కట్టాల్సిందే, లోనుంటే ఈఎంఐ ఆగదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కారు ధర పడిపోవడం. అది కిలోమీటర్లతో పాటు వయసును బట్టి కూడా పడుతుంది, కొత్త కారుకైతే మొదటి ఏడాదే ఎక్కువ. దీనికి బిల్లు రాదు కాబట్టి ఎవరూ లెక్కలో వేసుకోరు, అమ్మే రోజున ఒక్కసారే గుండె గుభేలుమంటుంది.

ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లు 3,000కి తగ్గించారనుకోండి. ఈ ఖర్చులు దాదాపు అలాగే ఉంటాయి, కిలోమీటరుకి పడే వాటా మాత్రం నాలుగు రెట్లవుతుంది.

పోనీ నిలబెట్టిన కారు ఊరికే ఉంటుందా? అలారం, లాకింగ్ లాంటివి 12 వోల్టుల బ్యాటరీని కొద్దికొద్దిగా లాగేస్తూనే ఉంటాయి, వారాల తరబడి కదపకపోతే ఓ పొద్దున తాళం తిప్పగానే టక్ టక్ మని ఊరుకుంటుంది. అందుకని రోజూ వీధి చివరిదాకా తిప్పి తెచ్చినా లాభం లేదు: స్టార్టింగుకి పోయిన ఛార్జింగే సరిగ్గా తిరిగి ఎక్కదు, ఇంజన్ పూర్తిగా వేడెక్కక ఆయిల్లో తేమ చేరుతుంది. ఆయిల్ మార్చే గడువు కూడా కిలోమీటర్లు, నెలలు, ఏది ముందొస్తే అది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి, 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, పదేళ్లు దాటినదాన్ని నమ్మకూడదు.

క్యాబ్ సంగతి దీనికి తలకిందులు. ఎక్కిన ప్రతిసారీ డబ్బు కళ్లముందే పోతుంది కాబట్టి ఖరీదనిపిస్తుంది, ఎక్కని రోజు మాత్రం పైసా ఖర్చుండదు. (పార్కింగ్ కోసం చుట్టూ తిరిగే టెన్షన్ కూడా ఉండదు, దానికి విలువ కట్టడం కష్టం.)

నన్నడిగితే, వారాంతాల్లోనే తీసే కొత్త కారుని అమ్మేయడమే మేలు, అమ్మకం డబ్బుతో మిగతా లోను తీరుతుందో లేదో ముందు చూసుకుని. అప్పు తీరిపోయిన పాత కారైతే ఉంచుకోండి, దాని ధర పడాల్సినదాంట్లో చాలావరకు ఇప్పటికే పడింది. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పెద్దవాళ్లుండి, ఆ వేళకి క్యాబ్ దొరకని చోటైతే ఈ లెక్కలేవీ వద్దు, ఉంచుకోవడమే. ఇంట్లో రెండు కార్లున్నవాళ్లు మాత్రం రెండూ సగం సగం తిప్పే బదులు ఒకటి ఇవాళే బేరం పెట్టండి.