వైన్‌కు చెక్క పెట్టెనా, అట్టపెట్టెనా: ఏది మేలు?

దీపావళికో కొత్త సంవత్సరానికో ఆప్తులకు వైన్ సీసా ఇవ్వదలచిన హైదరాబాద్ వాసులకు, దుకాణంలో దొరికే అట్టపెట్టె చాలునా, లేక దానికి ఎన్నో రెట్లు ఖరీదైన చెక్క పెట్టె చేయించాలా అన్న సందేహం కలుగుతుంది. వైన్ భద్రంగా ఉంటుందన్న నమ్మకంతోనే అయితే ఆ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

మన నగరంలో వైన్‌కు అసలు శత్రువు ఎండ. సుమారు 12 నుంచి 15 డిగ్రీల చల్లదనంలో నిల్వ ఉండవలసిన వైన్‌ను, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మే నెలలో కారు డిక్కీలో కొన్ని గంటలు వదిలేస్తే, ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి నెట్టవచ్చు, తాజా పండ్ల వాసన పోయి ఉడికిన రుచి రావచ్చు. చెక్క వేడిని త్వరగా లోపలికి పోనివ్వదన్నది నిజమే. అయితే ముడతల మధ్య గాలిని పట్టి ఉంచే అట్ట కూడా ఆ పనిలో దానికి తీసిపోదు, థర్మాకోల్ ఆ రెండింటినీ మించుతుంది. ఇవేవీ వైన్‌ను చల్లబరచవు, వేడెక్కడాన్ని కాస్త ఆలస్యం మాత్రమే చేస్తాయి. కాబట్టి ఆ సొమ్మును ఏసీ వాహనంలో పంపడానికో, మరింత మంచి వైన్ కొనడానికో వెచ్చించడమే వివేకం.

పగలకుండా కాపాడే విషయంలోనూ అంతే. కింద పడినప్పుడు ముడతల అట్ట తాను నలిగి దెబ్బను మింగుతుంది. లోపల మెత్తని పొర లేని చెక్క పెట్టె ఆ దెబ్బను నేరుగా సీసాకు చేరవేస్తుంది. వానకాలంలో తడిసి బలం కోల్పోయే అట్ట కంటే, ఒకదానిపై ఒకటి పేర్చడానికి చెక్కే మేలన్నది ఒప్పుకోవాలి.

చెక్కకు నిజమైన విలువ దీర్ఘకాలపు నిల్వలో ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ప్రసిద్ధ ఉత్పత్తిదారులు తమ ముద్ర వేసిన చెక్క పెట్టెల్లో వైన్ పంపుతారు. దశాబ్దాల తరువాత వేలంలో ఆ అసలు పెట్టె చెక్కుచెదరకుండా ఉంటే కొనేవారికి నమ్మకం కలిగి ధర పెరుగుతుంది. మన నాసిక్ వైన్లలో అధిక భాగం కొద్ది సంవత్సరాల్లోనే తాగవలసినవి కనుక వాటికి ఈ లెక్క వర్తించదు.

సీసా ఖాళీ అయ్యాక కూడా ఇంట్లో దాచుకోదగిన పెట్టె ఇవ్వాలనుకునేవారు మాత్రం నిస్సందేహంగా చేయించవచ్చు. అలాంటప్పుడు టేకు అవసరం లేదు, ప్లైవుడ్ చాలు. విదేశాలకు పంపేటప్పుడు మామూలు కలపకు అడిగే వేడిచికిత్స ముద్ర (కలపలోని పురుగులు చావడానికి దాన్ని వేడిచేశారని తెలిపే గుర్తు) కూడా దానికి అక్కరలేదు. లోపలి వైపు వార్నిష్ వేయవద్దని వడ్రంగికి ముందే చెప్పాలి.