క్రిటికల్ పవరా, ఘాత సూత్రమా?

ఆదివారం తెల్లవారక ముందే బెంగళూరు మారతహళ్లి నుంచి నంది కొండకు సైకిలెక్కే మన తెలుగువాళ్లలో పవర్ మీటరు (ఎన్ని వాట్ల శక్తితో తొక్కుతున్నామో చూపే పరికరం) కొన్నవారందరిదీ ఒకటే ప్రశ్న: ఇన్ని వాట్లతో ఎంతసేపు తొక్కగలను? దీనికి జవాబు చెప్పే లెక్కలు రెండున్నాయి: క్రిటికల్ పవర్, ఘాత సూత్రం.

1965లో మోనో, షెరర్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన క్రిటికల్ పవర్ నమూనాకు రెండే సంఖ్యలు చాలు. ఒకటి, చాలాసేపు నిలుపుకోగల వాట్లు. రెండోది, అంతకు మించి తొక్కినప్పుడు ఖర్చయ్యే పరిమిత నిల్వ. మొదటిది 250 వాట్లు, నిల్వ 20 కిలోజౌళ్లు అనుకుందాం. 300 వాట్లతో తొక్కితే అదనం 50. 20,000ను 50తో భాగిస్తే 400 సెకన్లు. 350కి పెంచితే 200 సెకన్లే. మలుపు దగ్గర ఎగబడితే నిల్వ చేతిసొమ్ములా కరుగుతుంది, 250 కిందికి తగ్గిస్తే మెల్లగా నిండుతుంది. కొండ దారికి ఇంతకన్నా పనికొచ్చే లెక్క నాకు కనబడలేదు.

చిక్కల్లా సరిగ్గా 250 దగ్గరే. అక్కడ సూత్రం అనంతకాలం అంటుంది, తొడలు ఒప్పుకోవు! సుమారు 2 నుంచి 20 నిమిషాల శ్రమకే దీన్ని నమ్మాలి.

ఘాత సూత్రంలో (పవర్ లా) 250 లాంటి గీతే లేదు. సమయం పెరిగేకొద్దీ సామర్థ్యం తగ్గుతూనే పోతుంది. పరుగుకు పీట్ రీగెల్ అనే ఇంజనీరు ఇచ్చిన ఘాతాంకం 1.06. అంటే దూరం ఎన్ని రెట్లయితే, ఆ సంఖ్యకు 1.06 ఘాతం వేస్తే వచ్చినన్ని రెట్లు సమయం పడుతుంది. కబ్బన్ పార్కులో 10 కిలోమీటర్లు 50 నిమిషాల్లో పరిగెత్తేవారికి హాఫ్ మారథాన్‌కు (21.1 కిలోమీటర్లు) దాదాపు 1 గంట 50 నిమిషాలు. హిందూపురం దాకా గంటల తరబడి తొక్కాలంటే నేను దీన్నే చూస్తాను. అయితే మధ్యలో ఎగబడటం, కోలుకోవడం దీనికి తెలియవు.

స్ప్రింటు సంగతి మాత్రం రెండింటినీ అడగవద్దు. సమయం సున్నాకు చేరేకొద్దీ రెండూ అనంతమైన వాట్లు చూపిస్తాయి.