బ్లాగర్‌లో పెట్టిన కథను వెనక్కి తీసుకోవడం: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

తెలుగు బ్లాగుల్లోని కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపించే కూడలి, మాలిక, హారం సైట్లు కళకళలాడిన రోజుల నుంచీ గూగుల్ వాళ్ల ఉచిత బ్లాగు వేదిక బ్లాగర్‌లోనే కథలు రాస్తున్నాను. టెంప్లేట్లు, యాడ్స్ గురించి చాలామంది రాశారు. పెట్టిన కథను తీసేయాల్సి వస్తే ఎలా ఉంటుందో చెప్తాను. నాకా అవసరం పుస్తకం వేసేటప్పుడు వచ్చింది.

సొంత బ్లాగు వరకు వంక పెట్టడానికేం లేదు. పోస్టును డ్రాఫ్ట్‌కి మారిస్తే లింకు తెరుచుకోదు, కథ మన దగ్గరే ఉంటుంది. డిలీట్ కొట్టే ముందు బ్యాకప్ దించుకోండి. గూగుల్ సెర్చ్‌లో ఇంకా కనిపిస్తుంటే, సైటు సొంతదారుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో 'రిమూవల్స్' ఉంది. కానీ అది దాచేది సుమారు 6 నెలలే, ఆలోపు పేజీ నిజంగానే పోవాలి.

ఎవరూ పట్టించుకోనిది సైట్ ఫీడ్, అంటే కొత్త పోస్టులను బయటి యాప్‌లకు (ఫీడ్ రీడర్లకు) దానంతటదే పంపే ఏర్పాటు. అది 'ఫుల్' మీద ఉంటే కథంతా ఫీడ్ రీడర్లకు వెళ్లిపోతుంది. తర్వాత మనం తీసేసినా అక్కడ మిగిలిపోవచ్చు. కొత్తవాళ్లు మొదటి రోజే, మొదటి కొద్ది భాగమే పంపే 'షార్ట్' పెట్టుకోవాలి.

బయటికి పోయిన కాపీల మీద మాత్రం ఏ బటనూ పనిచేయదు. నా కథొకటి వాట్సాప్‌లో తిరిగి తిరిగి నాకే వచ్చింది, నా పేరు ఎగిరిపోయి, చివర 'సేకరణ' అని! ఇంకో కథను ఒక ఆడియో కథల ఛానెల్ యూట్యూబ్‌లో చదివేసింది. కోడలి పేరు మార్చారు గానీ, అత్తగారితో నేననిపించిన "పప్పు ఉడకలేదు గానీ నీ కబుర్లు మూడు విజిళ్లు వేశాయి" అన్న మాట అక్షరం పొల్లుపోలేదు.

యూట్యూబ్ కాపీరైట్ ఫారంలో అసలు రచన ఏదో చెప్పాలి. ఆ పోస్టు ఇంకా బ్లాగులో ఉంది కాబట్టి తేదీతో సహా చూపించగలిగాను, వీడియో దిగిపోయింది. అవతలివాళ్లు 'మా వీడియో తీసేయడం తప్పు' అంటూ కౌంటర్ నోటీసు వేస్తే 10 పనిదినాల్లో మనం కోర్టుకెళ్లినట్టు రుజువు చూపాలి. అది చదివి కాస్త టెన్షన్ పడ్డాను గానీ వాళ్లు వేయలేదు. మన 2013 కాపీరైట్ నియమాల ప్రకారమైతే సరైన ఫిర్యాదు అందిన 36 గంటల్లో సైటువాళ్లు ఆ లింకు ఆపాలి. 21 రోజుల్లో మనం కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు దాన్ని మళ్లీ పెట్టేసుకోవచ్చు.

అందుకే ఇప్పుడు ఏ పోస్టునూ పూర్తిగా తీయను. మొదటి రెండు పేరాలు, నా పేరు, పాత తేదీ, పాఠకుల కామెంట్లు ఉంచి మిగతాది చెరిపేస్తాను. పుస్తకానికి అడ్డం రాదు, ఎవరైనా కాజేస్తే చూపించడానికి ఒక లింకు ఉంటుంది.

పత్రికల పోటీకి పంపుదామని తీసేవాళ్లకు మాత్రం ఈ కిటుకు పనికిరాదు. 'ఎక్కడా ప్రచురితం కాలేదు' అని హామీపత్రం రాయాలి కదా. బ్లాగులో వచ్చినదాన్నీ ప్రచురణ కిందే లెక్కేసే పత్రికలున్నాయి, నిన్న రాత్రి డిలీట్ చేసినా సరే. అందుకే పోటీకి అనుకున్న కథల్ని అసలు బ్లాగు ముఖమే చూడనివ్వడం లేదు.