గెలాక్సియనా, గలాగానా?

జపాన్ కంపెనీ నామ్కో చేసిన పాత అంతరిక్ష షూటింగ్ ఆటల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "గెలాక్సియన్, గలాగా రెండూ ఒకేలా ఉంటాయి కదా, ఏది ఆడాలి?" తొంభైల్లో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ క్యాసెట్లలో ఈ రెండూ పక్కపక్కనే ఉండేవి. తికమక సహజమే.

ముందొచ్చింది గెలాక్సియన్, 1979లో. అంతకు ముందు ఏడాది తైటో కంపెనీ వాళ్ల స్పేస్ ఇన్వేడర్స్ ఆట జపాన్‌ను ఊపేసింది. అందులో శత్రువులు బారులు తీరి మెల్లగా దిగుతారు. గెలాక్సియన్‌లో వాళ్లు వరసలోంచి విడిపోయి, వంకర్లు తిరుగుతూ మీదికి దూకుతారు. పైగా ఒక్కో శత్రువుకు ఒక్కో రంగు, వెనక కదిలే చుక్కలు. అప్పట్లో అది చిన్న విషయం కాదు.

మన చేతిలో మాత్రం ఒక్క గుండే. అది ఎవరికైనా తగలాలి, లేదా తెర దాటిపోవాలి. అప్పటిదాకా ఇంకోటి పేలదు. గురి తప్పితే ఖాళీ చేతులతో నిలబడాలి. ఆ టెన్షన్ నాకు భలే ఇష్టం. కాకపోతే ఎంతసేపు ఆడినా ఉన్నది అదొక్కటే.

1981లో వచ్చిన గలాగాలో రెండు గుళ్లు ఒకేసారి పేల్చవచ్చు. కానీ నా లెక్కలో తేడా అక్కడ లేదు, బీమ్‌లో ఉంది. పై వరసలో ఉండే బాస్, అంటే శత్రువుల నాయకుడు, కిందికి దిగి, బీమ్ వేసి మన ఓడను లాక్కుపోతాడు. ఉన్నవాటిలో ఒకటి పోయినట్టే. అయితే ఆ బాస్ మళ్లీ దూకేటప్పుడు వాణ్ని కొడితే ఓడ తిరిగొచ్చి పక్కన చేరుతుంది, అక్కణ్ణించి జంట తుపాకులు. వాడు వరసలో ఉండగా కొడితే మాత్రం మన ఓడే మన మీదికి వస్తుంది. తొందరపడి దాన్నే కొట్టేస్తే అదీ పోతుంది.

ఇదంతా ఎందుకు? ఇక్కడ ఓడను పోగొట్టుకోవడం కూడా ఒక ఎత్తుగడే. గెలాక్సియన్‌లో రిస్క్ మన మీదికి వస్తుంది, గలాగాలో మనమే దాని దగ్గరికి వెళ్తాం. జంట ఓడ వెడల్పు రెట్టింపు కాబట్టి తప్పించుకోవడం కష్టం, కానీ ఛాలెంజింగ్ స్టేజీలో (శత్రువులు మన మీద కాల్చకుండా ఎగిరిపోయే బోనస్ రౌండు) నలభై మందినీ కొట్టి పది వేల బోనస్ పట్టాలంటే అదే ఆధారం. ఆట అయ్యాక ఎన్ని పేల్చారో, ఎన్ని తగిలాయో శాతంతో సహా చూపిస్తుంది. పరువు పోయేది అక్కడే.

గలాగా తర్వాతి భాగాలూ ఉన్నాయి. 1984 నాటి గాప్లస్‌లో ఓడ పైకీ కిందికీ కూడా కదులుతుంది. సరదాగా ఓసారి చూడొచ్చు. గలాగా '88లో మూడు ఓడలు కలుస్తాయి, బొమ్మలు అందంగా ఉంటాయి, ఆట కాస్త తేలిక.

కాబట్టి గలాగాతో మొదలుపెట్టండి. చేతిలో ఓడలు ఇంకా మిగిలి ఉండగానే ఒకదాన్ని బీమ్‌కు అప్పజెప్పండి. ఆఖరి ఓడతో ఆ సాహసం వద్దు, పట్టుబడితే ఆట అక్కడితో సరి.