సీసం పోసే ఎలక్ట్రిక్ పాట్: ఏళ్లు వాడాక చెప్తున్నా

అడుగు నుంచి పోసే రకం, 20 పౌండ్లది, అంటే తొమ్మిది కిలోల సీసం పడుతుంది. వేట రైఫిల్‌కి బుల్లెట్లు సొంతంగా పోసుకుందామని కొన్నా, ఇప్పటికీ అదే వాడుతున్నా.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా: ఇది కారుతుంది. పోసే రంధ్రంలో కాస్త మడ్డి ఇరుక్కుంటే చాలు, చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది. ఆ రంధ్రాన్ని మూసే కడ్డీని స్క్రూడ్రైవర్‌తో ఇటూ అటూ తిప్పితే కొంతసేపు ఆగుతుంది. కింద ఒక ఇనుప మూత పెట్టుకుని అలవాటు పడిపోయా.

అసలు గొడవ డయల్‌తో. దాని మీదున్నవి డిగ్రీలు కావు, ఉత్త అంకెలు. పైగా పాట్‌లో సీసం తగ్గేకొద్దీ అదే అంకె దగ్గర వేడి పెరిగిపోతుంది, కాబట్టి విడిగా ఒక థర్మామీటర్ లేకుండా ఈ పాట్ కొనొద్దు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, నేను 370 చుట్టుపక్కల పోస్తా. బుల్లెట్ మీద ముడతలొస్తే అచ్చు ఇంకా చల్లగా ఉందని, మంచు పట్టినట్టు తెల్లబడితే అచ్చు బాగా వేడెక్కిందని అర్థం. కాస్త తెల్లబడితే నష్టం లేదు, ముడతలవి మాత్రం మళ్లీ పాట్‌లోకే.

థర్మామీటర్ ఉంటే ఇంకో లాభం. సీసం కోసం కరిగించే పాత చక్రాల బరువుల్లో (కారు చక్రం బ్యాలెన్స్‌కి రిమ్‌కి తగిలించే ముక్కలు) జింక్‌వి కలిసి వస్తాయి, జింక్ కరగాలంటే 419 కావాలి. వేడి అంతకన్నా తక్కువ ఉంచితే అవి పైకి తేలతాయి, గరిటెతో తీసి పారేయొచ్చు. ఒకసారి కలిసిందంటే పాట్ మొత్తం జావలా తయారవుతుంది, అచ్చు సరిగా నిండదు. బ్యాటరీ సీసం జోలికి మాత్రం అసలు పోకండి, దాని మడ్డి నుంచి విషవాయువులు పుట్టే ప్రమాదం ఉంది.

వేటకి మెత్తటి సీసమే నయం, కొంచెం తగరం కలిపితే అచ్చు బాగా నిండుతుంది. లినోటైప్ (పాత ప్రింటింగ్ ప్రెస్సుల అక్షరాల లోహం) లాంటి గట్టి మిశ్రమం చూడ్డానికి అందంగా పోతపడుతుంది గానీ జంతువుకి తగిలినప్పుడు వెడల్పవదు, ఒక్కోసారి పగిలిపోతుంది కూడా. బ్యారెల్‌లో సీసం అంటుకుంటోందంటే చాలామంది వెంటనే గట్టి మిశ్రమానికి మారతారు. ముందు సైజు చూడండి, బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడుల దగ్గర వ్యాసం కన్నా అంగుళంలో వెయ్యో వంతు పెద్దగా ఉంటే సగం సమస్య అక్కడే పోతుంది. ఇక తూటాలో తుపాకీ మందు ఎంత వేయాలన్న సంగతి, రాగి తొడుగు బుల్లెట్ల లెక్కలు వీటికి వాడకూడదు, తూటాలు నింపే మాన్యువల్‌లో పోత బుల్లెట్లకి విడిగా ఇచ్చినవే చూడాలి.

పొగ గురించి అందరూ భయపడతారు, ఈ వేడి దగ్గర సీసం ఆవిరి చాలా తక్కువే. ఎక్కువ ప్రమాదం పైన తీసిన మడ్డి దుమ్ముతో, కడగని చేతులతో. నేను బయట గాలిలోనే పోస్తా, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటా. కరిగిన సీసంలోకి తడి ముక్క వేస్తే మాత్రం ఆవిరై పేలి మొహం మీదకి చిమ్ముతుంది, అందుకే కొత్త ముక్కల్ని పాట్ అంచు మీద ఆరబెట్టి, వేడెక్కాకే లోపల వేస్తా.

కారడం భరించగలిగితే కొనండి. లేదంటే మామూలు పాట్, గరిటె చాలు, నెమ్మదిగా సాగినా పెద్ద బుల్లెట్లు దాంతోనే బాగా వస్తున్నాయి నాకు.